కీసర పద్నాలుగో నంబరు

ఏడు పాయింట్ రెండు, ఎంటర్. ఆరు పాయింట్ తొమ్మిది, ఎంటర్. పుష్పవతి అంకెల్ని పెదాలతో పలుక్కుంటూ కొడుతోంది. ఎడమచేతి చూపుడువేలు కాగితం మీద వరస వెంట జారుతుంటే, కుడిచెయ్యి చూడకుండానే కీబోర్డు మీద తిరుగుతోంది. పదమూడో వరస దాటాక వేలు ఆగింది. తల తిప్పి చూసింది. జయంత్ కిటికీ దగ్గర మోడెమ్ వైరు కదుపుతూ, లైను కలవట్లేదని తనలో తను గొణుక్కుంటున్నాడు.

పద్నాలుగో గడిలో, ఆ కాగితం రాసిన పుల్లమ్మ పెట్టింది అడ్డగీత. పుష్పవతి ఎనిమిది పాయింట్ నాలుగు అని కొట్టి, గబగబా పదిహేనుకి పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, మెడ మీద చెమట మాత్రం ఆరలేదు.

నందిగామ బస్టాండు వెనక, ఎరువుల కొట్టు పైనున్న గది అది. బల్ల, దాని మీద కంప్యూటరు, గోడ పొడుగునా కట్టలు కట్టిన కాగితాలు. జయంత్‌కి ఇరవయ్యారేళ్లు. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి, ఊరూరా పసిపిల్లల బరువులు నెలనెలా తూయించి, ఆ లెక్కలన్నీ వెబ్‌లో పెట్టాలని రోజూ జగ్గయ్యపేట నుంచి వస్తాడు. చొక్కా జేబు మీద ఎప్పుడూ సిరా మరక. అంకెల సంగతి ఎత్తితే అన్నం కూడా మర్చిపోతాడు. పుష్పవతికి ఇంటర్ లెక్కల పరీక్ష రాయాల్సిన రోజునే పెళ్లిచూపులు పెట్టారు. ఆ పరీక్ష రాయనే లేదు. అయినా ఆర్నెల్లలో ఒక్క అంకె తప్పు కొట్టలేదని జయంత్ అందరితో చెబుతాడు. అతనలా అన్నప్పుడల్లా ఆమె కళ్లు దించుకుంటుంది.

మొదట్లో పాలు చేపుకొచ్చి, పని మధ్యలో రెండుమూడుసార్లు పైట సర్దుకోవాల్సి వచ్చేది. ఈమధ్య ఆ అవసరం రావట్లేదు. సింధూరకి పదో నెల దాటింది. ఇంకా బోర్లా పడితే తల నిలపలేదు. రెండు చెంచాల జావ మింగి మొహం తిప్పేసుకుంటుంది. "మీ పిల్ల ఎంత మంచిదమ్మా, గుక్క పట్టి ఏడవదు" అని పక్కింటివాళ్లు మెచ్చుకుంటుంటే పుష్పవతికి లోపల జల్లుమంటుంది. పొద్దున్న బస్సెక్కేముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని గాని రాదు. పెనిమిటి కిషోర్‌బాబు జిన్నింగు మిల్లు డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లీపిల్లలిద్దరికీ నిద్రే. అతనికి చెప్పుకుందామనుకున్న మాట వారాల తరబడి గొంతులోనే ఉండిపోయింది.

"పుష్పవతి గారూ, రండి రండి! కలిసింది!"

తెర మీద పేజీ పైనుంచి కిందికి, పరదా దించినట్టు మెల్లిగా వచ్చింది. ఏడు ఊళ్ల పేర్లు. ఊరు నొక్కితే నంబర్లు, నంబరు నొక్కితే ఆ పిల్ల బరువు నెలనెలా ఎట్లా మారిందో చూపించే గ్రాఫ్. పేర్లు కాగితం మీదే ఉంటాయి. పసిపిల్లల పేర్లు లోకానికి చూపించకూడదని జయంత్ పట్టు.

"దీన్నిప్పుడు ఢిల్లీలో వాడూ చూడొచ్చు, జగ్గయ్యపేటలో మా నాన్నా చూడొచ్చు. ఆయన చూడడనుకోండి."

"ఏమంటారండి మీ నాన్నగారు?"

"పప్పు తూచరా అని కొట్లో కూర్చోబెడితే పిల్లల్ని తూస్తున్నావంటాడు!"

పుష్పవతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే అతను కీసర నొక్కాడు. ఒక్కో గ్రాఫ్ గుంటల రోడ్డులా పైకీ కిందికీ పోతోంది. పద్నాలుగు దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఇది చూడండి. ఏడు ఊళ్లలో ఇంత నున్నగా ఎక్కిన పిల్ల లేదు."

"బాగానే ఉంది కదండీ."

"మరీ బాగుంది. అదే నా భయం. నిజంగా తూచిన పిల్లకి ఒక్క నెలన్నా జొరం రాదా? పళ్లొచ్చేటప్పుడు విరేచనాలు కావా? ఇది ఎవరో కూర్చుని రాసిన లెక్క."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పుల్లమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, భుజాన వేలాడే కాటా సంచి, బుగ్గన ఆకు. ఊళ్లు తిరిగి పిల్లల్ని తూచేది ఆమే.

"పుల్లమ్మా, కీసర పద్నాలుగు. నిన్న ఎంతొచ్చింది?"

"పద్నాలుగా? ఆ పిల్లని నేనెప్పుడు తూచా బాబూ? ఏడాది నిండకుండా కాటా ఎక్కిస్తే దిష్టంటూ వాళ్ల నాయనమ్మ గుమ్మమే ఎక్కనివ్వదు. నెలనెలా అడ్డగీతే పెడుతున్నా." పుష్పవతి వైపు తిరిగింది. "ఏం అమ్మాయ్, నీకు తెలీందేముంది? నీ కూతురే కదా!"

జయంత్ కుర్చీలోంచి లేచాడు.

"మరి ఈ అంకెలెక్కడివండీ?"

"నేనే కొట్టానండి."

"ఎందుకు?"

పుష్పవతి పైటకొంగు వేలికి చుట్టుకుంది. "మొదటిరోజే చెప్పారుగా మీరు. అడ్డగీత ఉందంటే పిల్ల ఊళ్లో లేనట్టో, అసలు లేనట్టో అని. నా పిల్ల ఉందండి. ఇంట్లోనే ఉంది. ఉన్నదాన్ని లేనట్టు ఎట్లా కొట్టను? పక్క పిల్లల బరువులు చూసి, కొంచెం కొంచెం పెంచుతూ వచ్చా. సాయంత్రం పోయేముందు ఒకసారి చూసుకుంటే... ధైర్యంగా ఉండేది."

"ఇప్పుడెంతుంది పాప?"

"తెలీదండి."

తిడతాడనుకుంది, రేపట్నుంచి రావద్దంటాడనుకుంది. జయంత్ కంప్యూటరు కట్టేశాడు. "కాటా తియ్యి పుల్లమ్మా. పదండి."

కీసరలో ఇంటిముందు అత్తగారు పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాటా చూడగానే పిల్ల మీద కొంగు కప్పేసింది.

"మీకెన్నిసార్లు చెప్పాలి? ఇంకా నెలన్నర ఉంది ఏడాదికి. మా ఇంటా వంటా లేదు."

"అత్తయ్యా, పిల్లనిట్టా ఇవ్వండి."

పెళ్లయి వచ్చిన మూడేళ్లలో కోడలు ఆ గొంతుతో మాట్లాడ్డం అదే మొదలు. ముసలామె చేతులు వాటంతటవే వదులయ్యాయి.

జయంత్ వసారా దూలానికి కాటా వేలాడదీసి, ఖాళీ గుడ్డ తగిలించి ముల్లు సున్నాకి తెచ్చాడు. ఒంటి మీద ఏమీ ఉండకూడదని పుల్లమ్మ అరుగు మీద కూర్చుని గౌను తీసింది, మొలతాడు ముడి విప్పింది. విప్పి, దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇదేంటమ్మా? పిల్ల పెరిగేకొద్దీ ముడి వదులు చేస్తారు. ఇది లోపలికి జరిగింది!"

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. నీళ్లు పోసేది, పౌడరు రాసేది ఆమే.

"జారిపోతుందని బిగించా. మూడుసార్లు." కోడలి వైపు చూసింది. "దీనికి చెబితే బెంగెట్టుకుంటుందని..."

గుడ్డలో కూర్చోబెడితే సింధూర ఏడవలేదు. ఏ పిల్లయినా ఆ గుడ్డలో కాళ్లు తన్నుకుని కేకలు పెట్టాల్సిందే. ఇది తల్లివైపు చూస్తూ ఊరికే వేలాడింది. ముల్లు ఊగి ఊగి ఆరుకి ముందే ఆగింది. జయంత్ పిల్లని దించి, మళ్లీ సున్నా సరిచూసి, మళ్లీ తూచాడు.

"ఐదు కిలోల తొమ్మిది వందలు."

అతను కాగితం మీద రాయబోయి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "బెజవాడ పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడే. మీ ఆయనకి నేను మిల్లుకి ఫోన్ చేసి చెబుతా."

పుష్పవతి ఉన్న చీరతోనే పిల్లని పైటలో చుట్టుకుని రోడ్డెక్కింది. చెయ్యెత్తితే ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగింది. పుల్లమ్మ పక్కన కూర్చుంది, జయంత్ వెనక నిలబడ్డాడు. కిటికీలోంచి మైలురాళ్లు ఎదురొస్తున్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి మానుకుంది. అరచెయ్యి పిల్ల ఛాతీ మీద పరిచి, అది పైకి లేచి కిందికి దిగిన ప్రతిసారీ, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ కూర్చుంది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. "పడుకోకు తల్లీ, నన్ను చూడు" అంటోంది. బస్సు మోతలో ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

వసారాలో అత్తగారు రోడ్డువైపే చూస్తూ నిలబడిపోయింది. ఆమె వెనక, అరుగు మీద, పుల్లమ్మ విప్పి పెట్టిన నల్లటి మొలతాడు చుట్టగా పడి ఉంది. దాని మీద పాత ముడులు నలిగిన మూడు మచ్చలు, ఒకదానికంటే ఒకటి లోపలికి.