కాటా ఎక్కిన షుగర్ మిషన్

మా బావ లారీల కాటా దగ్గర పని చేస్తాడు. మా ఇద్దరికీ పెళ్లయ్యాక కూడా నాకు ఆయన బావే. లోడు దిగందే అంకె తగ్గదు, అంతే ఆయనకి తెలిసిన లోకం.

బరువు తగ్గడానికి కడుపు, పేగులకి ఆపరేషన్ చేయించుకుని మొన్ననే ఇంటికొచ్చాడు. ఆ పొద్దున బరువు చూసుకుంటే అంకె తగ్గనని మొండికేసింది. షుగర్ మాత్రం తొంభై ఏడు! రెండొందల లోపు అంకె మొహం ఎప్పుడూ చూడలేదు మేము.

“మిషన్ పాడైంది,” అంటూ ఇన్సులిన్ పెన్ను తీశాడు. డాక్టరు ఆపేయమన్న మందు! షుగర్ ముదిరి బావ వాళ్ల నాన్నకి, మా మావయ్యకి, కాలు తీసేశారు. తన కాలూ పోతుందని బావకి ఒకటే బెంగ. కానీ షుగర్ నిజంగా తగ్గి ఉంటే, ఆ పాత డోసుతో మనిషే దక్కడు. పెన్ను లాక్కున్నాను.

“బరువు తగ్గకుండా షుగర్ ఎలా తగ్గుతుందే?”

“లారీ కాటా ఎక్కకముందే గేటు దగ్గర్నుంచి నీకు ఫోనొస్తుందా, లేదా?”

“వస్తుంది. అయితే?”

“ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పిందదే. ఇప్పుడు నువ్వు తిన్నది అడ్డదారిన తొందరగా కింది పేగులోకి పోతోంది. ఆ పేగు హార్మోన్లతో కబురు పెడుతోంది. అది అందగానే నీ ఒంట్లో ఇన్సులినే లేచి పనిలోకి దిగుతోంది. ఆకలి నోరూ మూతపడుతోంది. బరువు సంగతి తర్వాత.”

“కబుర్లకేం, బాగానే చెప్తావు. మిషన్ తప్పు చూపిస్తోందేమో?”

“మీ కాటా తప్పో ఒప్పో ఎలా తేలుస్తారు?”

“తెలిసిన బరువు పెట్టి...” అని నాలిక కరుచుకున్నాడు.

కుర్చీలోంచి మావయ్య నవ్వాడు. “నాకు పెట్టరా. నాది తెలిసిన బరువేగా!” అని వేలు చాపాడు.

మిషన్ రెండొందల పద్నాలుగు చూపించింది. మావయ్య లెక్క ఎప్పుడూ అటూ ఇటూగా అంతే. బావ మళ్లీ తన వేలు గుచ్చుకున్నాడు. తొంభై ఆరు.

బావ తండ్రి కుర్చీ పక్కన కింద కూలబడ్డాడు. మావయ్య వంగి, కొడుకు పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి తడిమి చూశాడు.

“ఇవి నీతోనే ఉంటాయిరా,” అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు.