వచ్చే సంచికలో

"వచ్చే సంచికలో తప్పకుండా వేస్తానమ్మా" అన్నాడు సంపాదకుడు, అక్క తరఫున వచ్చిన చెల్లెలి మొహంలోకి చూడకుండా. పోయినసారీ ఇదే మాట చెప్పాడు.

అక్క కంకర మిల్లులో కూలీ. ఆ దుమ్ము పీల్చి చచ్చినవాళ్ల గురించి పుస్తకం రాసింది. ఇప్పుడు అదే దుమ్ము ఆమెనీ తినేస్తోంది. బడి మాస్టారు ఆ పుస్తకం మీద పత్రికకి సమీక్ష రాసిచ్చాడు. కళ్లు మూసేలోగా దాన్ని అచ్చులో చూసుకోవాలి, అదొక్కటే అక్క కోరిక.

ఆ పత్రిక ఒకప్పుడు కూలీల చందాలతోనే బతికింది. ఈ ఏడాది నుంచి అచ్చు ఖర్చు మిల్లు యజమానిది.

"ఆయన ఒక్క అక్షరం మార్చమనలేదు. కాస్త ఆగమన్నాడు, అంతే" అన్నాడు సంపాదకుడు.

"ఆగడానికి మా అక్క దగ్గర ఊపిరేదయ్యా?"

"నన్నేం చెయ్యమంటావు? పత్రిక బతకొద్దా?"

"బతకనీ! మా అక్కని చంపుకుని మరీ బతకనీ!"

ఇంటికొచ్చేసరికి అక్క ఎగశ్వాసతో ఉంది. "వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందక్కా" అనేసింది చెల్లెలు.

"చదువు."

చెల్లెలు ఖాళీ చేతులు కొంగు కింద దాచుకుంది. అక్కకి అర్థమైపోయింది. గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

అప్పుడొచ్చింది, పాడు పత్రిక! బతికుండగా అరపేజీ చోటు దొరకని మనిషికి నాలుగు పేజీల నివాళి. "అనారోగ్యంతో కన్నుమూసిన శ్రామిక రచయిత్రి" అట! దుమ్ము ఊసు లేదు, మిల్లు ఊసు లేదు. వెనక అట్ట మీద యజమాని ఫొటో, ప్రగాఢ సంతాపంతో.

సంతాప సభ మిల్లు ఆవరణలోనే పెట్టారు. కూలీలందర్నీ పని మాన్పించి మరీ నిలబెట్టారు. యజమాని తన చేత్తో ఆ సంచిక మొదటి ప్రతి అందించబోయాడు. చెల్లెలు దాన్ని అందుకుని అతని కాళ్ల దగ్గరే పడేసింది.

"మాస్టారూ, మీరు రాసింది చదవండి!"

మాస్టారు జేబులోంచి కాగితాలు తీశాడు. సగం చదివాడో లేదో, గేటు దగ్గరున్న పోలీసులు జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. కాగితాలూ లాక్కున్నారు.

"అయిపోయింది, ఇక పనిలోకి పోండి!" అని అరిచాడు మేస్త్రీ.

"ఏం అయిపోయిందిరా?" చెల్లెలు వేదికెక్కింది. "మనవాళ్లు ఎలా చచ్చారో చెప్పడానికి మనకి కాగితం కావాలా? మా అక్క ఈ దుమ్ము తినే చచ్చింది!"

ఆమెని లాక్కెళ్లారు. ఆమె చోట్లోకి ఒక ముసలాయన ఎక్కాడు. "మా పెద్దోడు ఈ దుమ్ము తినే చచ్చాడు!" ఆయన్నీ లాక్కెళ్లారు. అప్పటికే ఇంకొకామె మెట్లెక్కుతోంది. వెనక కూలీలు వరస కట్టారు.

సంపాదకుడు చేతులు జోడించి "ఆగండమ్మా, ఆగండి" అంటున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

వ్యాను నిండిపోయింది. ఇంకోటి తెప్పించారు. అదీ చాలలేదు.