ఫ్లెక్సీ మీద నెగ్గిన ఫాంటు

వెబ్‌సైటుకి ఫాంటు ఎంచుకోవాలంటే ఫోనులో చూడండి బాబూ అని షైని ఎంత మొత్తుకున్నా సంఘ పెద్దలు వింటేనా! వాళ్ల చర్చికి వెబ్‌సైటు చేసిపెడుతున్నది ఆ పిల్లే. అయితేనేం, నర్సీపట్నంలో ఫ్లెక్సీ కొట్టించి కట్టి చూస్తే తప్ప ఏదీ ఖాయం కాదు మరి. షైని చూపించిన ఫాంట్లన్నిటితోనూ అబీద్ సెంటర్లో ఫ్లెక్సీలు కొట్టించి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గోడకు వరసగా కట్టారు.

వాటిలో సాదాసీదా ఫాంటు ఒకటుంది. అమ్మ కోసమే షైని దాన్ని వెతికి పట్టుకుంది. వాళ్లమ్మ జ్ఞానమణికి చూపు మందగించింది. రోజూ బైబిలు వాక్యం ఎవరో ఒకరు చదివిపెట్టాలి. అలా అడగడమంటే ఆవిడకు చచ్చే నామోషీ. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుందామంటే ఆ వణికే వేళ్లకు ఫోను లొంగదు. షైని ఒక్కో ఫాంటూ ఫోనులో పెట్టి చూపిస్తే, ఈ సాదాదాని దగ్గర మాత్రం ఆవిడ కూడబలుక్కుని వాక్యమంతా సొంతంగా చదివేసింది. "వత్తులు కూడా కనిపిస్తన్నాయే!" అని చిన్నపిల్లలా మురిసిపోయింది.

సంఘ పెద్ద జీవరాజు గారు గోడ ముందు నిలబడి పెదవి విరిచారు. "ఇదేటమ్మా, కరెంటు బిల్లులాగుంది! ఆ మెలికలు తిరిగినది సూడు, ఎంత నిండుగుందో."

"అది ఫోన్లో ముద్దయిపోతాదండీ. వత్తులన్నీ కలిసిపోతాయి. మా అమ్మకి అస్సలు ఆనదండీ," అంది షైని.

"ఇంత దూరం నుంచి నాకే కనిపిస్తంది కదేటి!"

అందరూ నవ్వారు. చేతులెత్తమంటే చేతులన్నీ మెలికల ఫాంటుకే లేచాయి. గోడంత ఫ్లెక్సీకీ అరచేతిలో ఫోనుకీ ఉన్న తేడా వీళ్లకెలా చెప్పాలిరా దేవుడా అని షైనికి ఏడుపొచ్చింది.

పై ఆదివారం ప్రారంభోత్సవం. జీవరాజు గారు తన ఫోనులో వెబ్‌సైటు తెరిచి, "తొలి వాక్యం జ్ఞానమణమ్మగారే సదవాలి, రండమ్మా," అని పిలిచారు. షైని చటుక్కున లేచింది. పరుగున వెళ్లి ఆపుదామనుకుంది. కానీ అమ్మకు కనిపించదని ఇంతమందిలో అంటే ఆవిడ పరువేం కావాలి? లేచినదల్లా మళ్లీ కూర్చుంది.

జ్ఞానమణి ఫోను కళ్ల దగ్గర పెట్టుకుంది. దూరం జరిపింది. మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. ఆనక గొంతు సవరించుకుని గడగడా మొదలుపెట్టింది. జీవరాజు గారితో సహా అందరూ కళ్లు మూసుకుని వింటున్నారు. షైని తన ఫోను తీసి చూసింది. అందులో ఉన్నది వేరే వాక్యం. అమ్మ చెబుతున్నది చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీపట్టిన కీర్తన.

"ఆమేన్!" అంది సంఘమంతా.

"సూసావేటమ్మా!" అన్నారు జీవరాజు గారు షైని వైపు తిరిగి. "మీ అమ్మగారే ఎంత బేగి సదివేసారో! ఇంక ఈ ఫాంటే ఉంచెయ్."

షైని తలూపింది. ఇంకేం చేస్తుంది? జ్ఞానమణి వచ్చి పక్కన కూర్చుని, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర మెల్లిగా అడిగింది.

"ఇంతకీ అందులో ఏటి రాసుందే, షైనీ?"