మళ్ళీ పన్నెండున్నర రౌండ్లు

నెదర్లాండ్స్‌లోని హీరెన్‌ఫేన్ మంచు స్టేడియంలో ప్రపంచ పోటీలు. ఆడవాళ్ళ ఐదు వేల మీటర్ల స్కేటింగులో చివరి జత ఇద్దరూ డచ్ వాళ్ళే. ఒకతె లీసెలాట్, సూపు పాకెట్ల మీద కూడా ఆమె బొమ్మే. రెండోది ఫ్రౌక్య, ముప్ఫై ఐదేళ్ళది, ఫ్రీస్‌లాండ్‌లో డైరీలు తిరిగి పాలు పరీక్షించే ఉద్యోగి. లీసెలాట్‌ని చూస్తేనే ఆమెకు ఒళ్ళు మంట. గెలిచాక కెమెరా ఎక్కడుందో వెతుక్కుని మరీ ఏడ్చే మనిషిని చూస్తే ఎవరికి మాత్రం మండదు?

ప్రతి రౌండులోనూ ఇద్దరూ దారులు మార్చుకోవాలి. బయటి దారిలోంచి లోపలికి వచ్చే మనిషిదే ముందు హక్కు. లోపలినుంచి వెళ్ళే మనిషి ఆగాలి. తొమ్మిదో రౌండులో లీసెలాట్ ఆగలేదు, అడ్డంగా దూసుకుపోయింది. గుద్దుకోకుండా ఉండాలని ఫ్రౌక్య వంచిన నడుమెత్తి, దాదాపు నిలబడిపోయింది. ఆ తర్వాత కాళ్ళకు మళ్ళీ ఊపు రాలేదు. లీసెలాట్ మాత్రం అన్ని జతల్లోకీ రెండు సెకన్లు తక్కువ టైములో ముగించింది. స్టేడియం నిండా డచ్ అభిమానుల నారింజ టోపీలు ఎగిరాయి.

బెంచీ మీద ఫ్రౌక్య ఇంకా రొప్పుతూనే ఉంది, జట్టు మేనేజరు వాన్ బ్రీనెన్ వచ్చి చెవి దగ్గర వంగాడు.

"రిఫరీ వస్తున్నాడమ్మా. నీ కాలే జారిందని చెప్పు."

"జారలేదు."

"తెలుసులే. నీకెలాగూ పతకం రాదు. దేశానికి బంగారం..."

"దేశానికా, సూపు కంపెనీకా?"

"చూడమ్మా, వచ్చే ఏడాది జట్టులో నీ చోటు కూడా..."

ఆమె అతని కాళ్ళకేసి చూసింది. బూట్లు తడవకుండా నీలం ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. జన్మలో ఒక్కసారైనా మంచు మీద పడ్డాడో లేదో!

"నా చోట్లో మీరే దిగండి. ఆ సంచులతోనే."

నార్వే రిఫరీ వచ్చి అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పింది. బోర్డు మీంచి లీసెలాట్ పేరు పోయింది. ఫ్రౌక్యకు అరగంట విశ్రాంతి, ఆపైన ఒంటరిగా మళ్ళీ పందెం. జనం ఊళలు మొదలుపెట్టారు.

రౌండు టైము బోర్డు పట్టుకునే తమ్ముడు విబ్రెన్ పక్కన చతికిలబడ్డాడు.

"కాళ్ళెలా ఉన్నాయే అక్కా?"

"చచ్చాయి."

"మరి మానెయ్యొచ్చుగా?"

"మానేస్తే వీళ్ళకి పండగరా. పద."

మొదటి అయిదు రౌండ్లూ ఊళలే. తర్వాత వాళ్ళకే విసుగొచ్చి బీరు కోసం వరస కట్టారు. ఖాళీ అవుతున్న కుర్చీలను చూసి, 'ఇదిరా మీ దేశభక్తి' అనుకుంది. ఎనిమిదో రౌండు నుంచి తొడలు రాళ్ళయ్యాయి. అయినా నడుమెత్తలేదు. ఏడో స్థానం వచ్చింది. బంగారం జపాన్ అమ్మాయికి వెళ్ళింది.

బట్టలు మార్చుకునే గదిలో లీసెలాట్ ఎదురుపడింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఏడో స్థానం కోసమా నా బంగారం పోగొట్టావ్?"

ఫ్రౌక్య స్కేట్ల తాళ్ళు విప్పుకుంటూ తల ఎత్తలేదు.

"రెండు సెకన్ల తేడాతో గెలిచావు కదే. అక్కడ అర సెకను ఆగినా బంగారం నీదేగా. నీకు ఆగడమే రాదు."

లీసెలాట్ మీద కాస్త జాలి కలుగుతుందేమోనని ఫ్రౌక్య తనలోకి తాను చూసుకుంది. కలగలేదు. సంచి భుజాన వేసుకుని, వేయించిన చేప ముక్కలు తినడానికి తమ్ముడితో బయటికి నడిచింది.