వెనక సీటు దూరం

గోకవరం దాటేసరికి నా బండి వెనక సీటు మూరెడు పెరిగింది. జాకెట్లు కత్తిరించే చేతులు నావి, కొలతలో పొరపాటు పడను. బయల్దేరినప్పుడు సువార్త మోకాళ్లు నా నడుముకి ఆనుకుని ఉన్నాయి. ఇప్పుడు మా ఇద్దరి మధ్య టిఫిన్ క్యారియరు, ఒక గొడుగు, ఇంకా కాస్త వాన పట్టేంత చోటుంది.

కొత్త రెక్సిన్ కదా, తడిస్తే సాగుతుందిలే అనుకుంటాను. గుడ్డయితే తడిసినప్పుడు ముడుచుకునేది. దేని గుణం దానిది.

నా పేరు నూకరత్నం. రాజమండ్రిలో ఒక టైలరింగ్ షాపులో కటింగ్ నాది, హుక్సులు కుట్టే చేతిపని సువార్తది. ఏళ్ల తరబడి పక్కపక్క స్టూళ్ల మీద కూర్చుని, ఒకే క్యారియరులో తింటున్నాం. ఈమధ్యే మోటారు సైకిలు కొన్నాను. ఆడపిల్లకి స్కూటీ చాలదా అన్నవాళ్ల నోళ్లు మూయించాలనే కొన్నాను. వానాకాలంలోనే మారేడుమిల్లి కొండలెక్కి సాయంత్రానికి తిరిగి రావాలని పంతం పట్టిందీ నేనే. బండి మీద ఇద్దరికీ ఇదే మొదటి దూరప్రయాణం. సువార్తకి బండంటే హడలు. ఎక్కితే అదే పోతుందన్నాను.

వాళ్లమ్మ మా ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసింది. తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చీకటి పడకముందే నా పిల్లని నాకు అప్పజెప్పాలి అంది. అప్పజెబుతానని మాటిచ్చాను. ఆవిడకి ఉన్నది సువార్త ఒక్కతే. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

వీధి మలుపులో మాణిక్యమ్మగారు ముగ్గుగిన్నె పట్టుకుని నిలబడి, ఎక్కడికే పిల్లలూ అని అడిగేసింది. బయల్దేరేవాళ్లని అలా అడగకూడదని పాలు తాగే పిల్లకైనా తెలుసు. అడిగారంటే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. చర్చికి వెళ్లే సువార్తే నా భుజం తట్టి, దిగి కాసిని నీళ్లు తాగి వెళదామే అంది. నాకు చిర్రెత్తింది. నీళ్లు పైనుంచి పడుతూనే ఉన్నాయి, నోరు తెరు చాలు అన్నాను. గేరు మార్చాను. అప్పటినుంచీ సీటు పెరుగుతోంది.

రంపచోడవరం వచ్చేసరికి సువార్త అద్దంలో గుండీ అంత చిన్నగా కనిపిస్తోంది. వెనక్కి తిరిగి చూద్దామంటే బండి నేర్పినాయన వద్దన్నాడు. చూపు ఎటు పోతే బండి అటే పోతుందట. అందుకని ముందుకే చూస్తూ, ఎప్పటిలాగే నేనే మాట్లాడుతున్నాను. షాపు యజమానురాలి పిసినారితనం చెబుతాను, బండి పికప్ చెబుతాను, వాన ఇలాగే పడితే వాగులెలా ఉంటాయో చెబుతాను. గలగలా మాట్లాడేదాన్ని పక్కన పెట్టుకుంటే దారి తెలియదంటారు. సువార్తకి ఆ కొరత లేదు.

ఆమె మాటలు మాత్రం ఆలస్యంగా అందుతున్నాయి. గోకవరం హోటలు దగ్గర అన్న మాట, పెసరట్టు వాసన భలేగా ఉందే అని, రంపచోడవరం దాటాక నా చెవిలో పడుతుంది. అప్పటికి ఆ మాట చల్లారిపోయింది. ఇప్పుడు పెసరట్టు ఎక్కడ తేనే తల్లీ అని నేను గట్టిగా నవ్వుతాను. ఆ నవ్వు ఆమెకి ఎప్పుడు చేరుతుందో తెలియదు.

ఘాటీ మొదలవుతుంది. వాన దారికి అడ్డంగా, తెరలు తెరలుగా నడుస్తోంది. పైమలుపులో నేను ఎడమకి వెళుతుంటే కింది మలుపులో సువార్త కుడికి వెళుతోంది. మా ఇద్దరి మధ్య సీటు నల్లగా, తళతళలాడుతూ కొండ చుట్టూ తిరిగి ఉంది. ఆమె ఒక చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి ఏదో అంటోంది. ఇప్పటికి సరదా పుట్టిందన్నమాట అనుకుని నేనూ చెయ్యి ఊపుతాను. తర్వాతి మలుపులో కూడా ఆమె చెయ్యి దించలేదు. నేను ఇంకా హుషారుగా ఊపుతాను.

కొండ సగం ఎక్కాక ఆ మాట వస్తుంది. తడిసి ముద్దయి, వణుకుతూ వస్తుంది.

"ఆపవే నూకాలూ. నాకు భయమేస్తోంది."

ఇది మొదటి మలుపు దగ్గర అన్న మాట. అప్పటినుంచీ నేను చేతులూపుతూ వచ్చాను. నాకూ భయం వేస్తుంది, బండి కొన్నాక మొదటిసారి. బ్రేకు వేస్తాను. ఇంజను ఆగిపోతుంది. వెనక సీటు మాత్రం ఆగదు, నా పక్కనుంచి మెలికలు తిరుగుతూ అడివిలోకి జరుగుతోంది.

పైనుంచి దిగుతున్న బస్సు, నా బండి సీటు అడ్డం వచ్చి నిలిచిపోతుంది. కండక్టరు గొడుగు వేసుకుని దిగి, సీటుని అటూ ఇటూ చూసి, దీన్ని కాస్త ఎత్తుతారా అండి అని మర్యాదగా అడుగుతాడు. ప్రయాణికులు తలలు వంచుకుంటారట, బస్సు దూరిపోతుందట. నేను ఎత్తలేనని, వెనక మా సువార్త ఉందని చెబుతాను. ఆవిడ మా స్టేజీలు రెండు దాటి ఉన్నారండి, చార్టు ప్రకారం ఆవిడది వేరే ప్రయాణం అంటాడు.

"మరి బండి ఆపాను కదండీ, వెనకభాగం ఎందుకు ఆగట్లేదు?"

"మీరు ఆపారండి. ఆవిడకింకా తెలవద్దూ? ఆ కబురు మీరే నడిచెళ్లి చెప్పాలి."

న్యాయమే. నేను హ్యాండిల్ వదిలి, సీటు మీదికి ఎక్కి వెనక్కి నడుస్తాను. రెక్సిన్ జారుతోంది, చెప్పులు విప్పేస్తాను. రెండు పక్కలా లోయ నిండా మబ్బు. నేను కొన్న సీటే ఇది, దీని మీద కాలు పెట్టడానికి ఎవరి ఇంటికో పిలవని పేరంటానికి వెళుతున్నంత మొహమాటంగా ఉంది.

సీటు మధ్యలో ఒకామె తాటాకు గొడుగు కింద కూర్చుని, కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. ఈ చోటు నాది అని చెప్పబోతాను. ఇక్కడ ఎవరూ కూర్చోవట్లేదు కదాని పెట్టుకున్నాను అంటుంది. ఇద్దరు మనుషుల మధ్య ఇంత చోటు ఊరికే వదిలేస్తే ఎవరో ఒకరు కొట్టు పెట్టుకుంటారట. నేను సువార్త ఆనవాళ్లు చెబుతాను. ఆమె పొత్తు తిప్పుతూ తలూపుతుంది.

"దాని కేక ఇందాక ఇటే పోయింది. వణుకుతుంటే కుంపటి కాడ కూకోబెట్టాను. బేగి పోవే అంటే, ఎంత బేగి పోయినా అది ఇనదులే అంది."

నాకు ఏడుపు వస్తుంది. ఏడుస్తూనే నడుస్తాను. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదన్న మాట అబద్ధం, పొత్తులామె వెనకనుంచి ఊరుకోమ్మా అంటోంది.

సీటు చివర సువార్త కూర్చుని ఉంది. వెనక కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. పెదవులు నల్లబడ్డాయి. ఒళ్లో క్యారియరు మూత తీయకుండా అలాగే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోదు, నవ్వదు.

"విన్నానే," అంటాను.

"ఏం విన్నావు?"

"ఆపమన్నావు. భయమన్నావు."

"అది ఎప్పటి మాటో," అంటుంది. "ఇప్పటి మాట ఇంకా బయల్దేరలేదు."

నేను ఆమెని కడ్డీ నుంచి విడదీసి, లేపి, గట్టిగా కౌగిలించుకుంటాను. ఆమె గడ్డం నా భుజం మీదే ఉంది. తల నూనె వాసన నాకు తెలిసినదే. అయినా నా రొమ్ముకీ ఆమె రొమ్ముకీ మధ్య బెత్తెడు ఖాళీ మిగులుతుంది. ఎంత బిగించినా అది తగ్గదు. తల వంచి చూస్తాను. అందులో ఒక ఘాటీ రోడ్డు ఉంది. అక్కడా వాన పడుతోంది. లారీలు లైట్లు వేసుకుని మలుపుల్లో నెమ్మదిగా ఎక్కుతున్నాయి.

రోడ్డు ఆ చివర, ఆమె గుండె దగ్గర, అగ్గిపుల్లంత సువార్త బయల్దేరింది. కొంగు నెత్తిన కప్పుకుని, పక్కకి ఒదిగి, ఇటే నడిచి వస్తోంది.

బండి కాదు, లారీ కాదు, నడకే. ఎంతసేపు పడుతుందో నేను కొలవలేను. నేను ఊపిరి వదిలితే నా రొమ్ము వైపు కొండచరియ కదిలి రాళ్లు దారి మీదికి దొర్లుతున్నాయి. రావే, జాగ్రత్తగా రావే అని పిలవబోతే, పెదవి కదిలిందో లేదో లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు కొడతాయి, ఆ పిల్ల బెదిరి ఆగిపోతుంది. నేను నోరు మూసుకుంటాను. కాసేపటికి ఆమె పక్కనున్న రాయి మీద కూర్చుని, అరికాల్లో ముల్లు తీసుకుని, లేచి మళ్లీ నడుస్తుంది. నేను ఊపిరి బిగపట్టి, కొండ కదలకుండా నిలబడి ఉన్నాను.