బండలాగుడు పోటీలకు నా గొంతు

మా ఇంట్లో కంప్యూటర్ మనిషిని చూసి ప్రవర్తిస్తుంది. మా అమ్మాయి చదువుకున్నన్నాళ్ళు బుద్ధిగా పనిచేసింది. మా ఆయన కరెంటు బిల్లు కట్టుకుంటే ఒప్పుకుంది. నేను మైకు ముందు కూర్చుని నోరు తెరిచేసరికి మాత్రం బిగుసుకుపోయింది.

స్క్రీన్ మీద నా గొంతు పచ్చటి గీతలుగా పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మౌస్ కదలదు. ఏది నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపటికి రికార్డింగ్ ప్రోగ్రాం తెల్లబోయి, పైన ఇంగ్లీషులో జవాబివ్వడం లేదని రాసి చూపిస్తుంది. జవాబివ్వకపోవడం మా ఇంట్లో కొత్త కాదు, మా ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్నదే. కానీ ఆ రోజు నాకు టైము లేదు.

సాయంత్రం అయిదింటికి మైకు ఆటో బయలుదేరాలి. తిరునాళ్ళకు మా ఊళ్ళో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడుతున్నారు. ఆ సంగతి మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చెప్పే గొంతు నాది కావాలని నేనే అడిగాను. అడిగింది కూడా మా ఆయన తండ్రిని, మా మామయ్య రాఘవయ్య గారిని. పోటీల కమిటీలో ఆయన మాటే చెల్లుతుంది. ఆయన గిత్తల జత కూడా పోటీలో దిగుతోంది.

"ఆడగొంతా?" అన్నాడాయన. "బండలాగుడంటే మగోళ్ళ యవ్వారం అమ్మాయ్. చేలో మందు కొట్టుకునేవోడికి కూడా ఇనపడాల. నువ్వు వార్తలు చదివినట్టు చదివితే ఎవడొస్తాడు?"

నాకు ఒళ్ళు మండింది. ఆ గిత్తలకు పొద్దున్నే ఉలవలు ఉడకబెట్టేది నేను. కుడితి పెట్టేది నేను. "రండయ్యా, తినండయ్యా" అని పిలిచి పిలిచి మేపేది నేను. పోటీ రోజున మాత్రం తలకు కండువా చుట్టుకుని వాటి ముందు నడిచేది మగవాళ్ళు.

కాపురానికి వచ్చినప్పటి నుంచీ మైకు ఆటో వీధిలోకి వస్తే చేతిలో పని పక్కన పెట్టి వింటాను. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అంటూ, ఎడ్ల వయసును పళ్ళతో కొలిచి వరసపెట్టి చెబుతుంటే నాకు పూనకం వచ్చినంత పనయ్యేది. ఒక్కసారైనా ఆ గొంతు నాది కావాలని చచ్చేంత కోరిక. ఈ ఏడు, ఎప్పుడూ చెప్పే నరసరావుపేట ఆయన ఫోన్ ఎత్తడం ఆలస్యం చేశాడు. సందు చూసుకుని నేను దూరాను.

"సరే, అయిదు లోపల ఇస్తే నీదే," అన్నాడు మామయ్య. "లేదంటే ఆయన ఎట్టాగూ ఇయ్యాళ ఫోన్లో దొరికాడు. ఆయన చేతే చెప్పిస్తాం."

ముందు ఫోన్లో రికార్డు చేసి మైకులో వేసి చూశాం. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. అందుకని మా ఆయన యల్లమంద కంప్యూటర్ మీద పడ్డాడు. ఆయనకు మోటార్లు బాగుచేసే కొట్టు ఉంది. రోజంతా ఆ మోతలో ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో చీమ చిటుక్కుమన్నా పడదు. రికార్డింగ్‌లో నా గొంతు తప్ప ఇంకేమీ వినపడకూడదన్నాడు. కిటికీలు మూశాడు. సీలింగ్ ఫ్యాన్ ఆపాడు. దొడ్లో కోళ్ళను పక్కింట్లోకి తోలాడు. కొట్టంలోకి వెళ్ళి గిత్తల మెళ్ళో గంటలు విప్పి తెచ్చాడు. టేబుల్ కింద కంప్యూటర్ డబ్బా గుర్రుమంటుంటే దాని మీద మందపాటి బొంత తెచ్చి కప్పి, చంటిపిల్లకు చుట్టినట్టు నాలుగు వైపులా దోపాడు.

"స్టూడియోల్లో ఇట్టానే చేస్తారే," అన్నాడు. ఆయన ఏ స్టూడియో గడప తొక్కాడో నాకు తెలియదు.

అప్పటి నుంచి మొదలైంది. చదవడం, గీతలు పరుగెత్తడం, నాలుగు పళ్ళ విభాగం దగ్గరకు వచ్చేసరికి బిగుసుకుపోవడం. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే రెండు పళ్ళ దగ్గరే ఆగింది. ఇంకోసారి చేస్తే పాలపళ్ళు కూడా దాటలేదు.

మాచర్ల బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు కాలేబుకు ఫోన్ చేశాను. నెమ్మదస్తుడు, బండి వేసుకుని ఎండలో పడి వచ్చాడు. వస్తూనే "ఏందక్కా ఈ ఉక్క" అని కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసుకున్నాడు. వైర్లు చూడాలని బొంత తీసి కుర్చీ మీద పడేశాడు. రికార్డు నొక్కి "హలో హలో" అన్నాడు. తన షాపు పేరు చెప్పాడు, ఫోన్ నంబరు చెప్పాడు, మొన్న వాళ్ళ చర్చిలో జరిగిన పెళ్ళి భోజనం సంగతి మొత్తం చెప్పాడు. కంప్యూటర్ అన్నీ శ్రద్ధగా విని రాసుకుంది.

"బానే ఉందిగా అక్కా. నువ్వు కంగారు పడి ఏదో నొక్కుతున్నట్టున్నావ్," అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

అతని బండి మలుపు తిరిగిందో లేదో, యల్లమంద కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, బొంత ఎప్పటిలాగే చుట్టాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండు పళ్ళ దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ కాలేబుకు ఫోన్. ప్రోగ్రాం తీసేసి కొత్తగా ఎక్కించమన్నాడు, ఎక్కించాం. మైకు పిన్ను వెనక బొక్కలో పెట్టమన్నాడు, పెట్టాం. యాంటీవైరస్ ఆపమన్నాడు, అదీ ఆపాం. చివరికి అతను కూడా విసిగిపోయి, "నేను మాట్టాడితే ఆగలా. నువ్వు మాట్టాడితే ఆగుద్ది. ఇదేందో నాకూ అంతుపట్టట్లేదక్కా," అన్నాడు.

ఈ మాట స్పీకర్లో మామయ్య విన్నాడు. వరండాలో కూర్చుని చుట్ట కాలుస్తూ, "చూశావా, మిషన్‌కి కూడా ఆడగొంతు పడట్లా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టైము నాలుగు దాటింది. నిజంగానే నా గొంతులో ఏదో లోపం ఉందేమోనని ఒక్క క్షణం నమ్మాను కూడా. ఆ నమ్మినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మామయ్య చుట్ట ఆర్పి కాసేపు నడుం వాలుద్దామని మంచం దగ్గరకు వెళ్ళాడు. వెళ్ళి అరిచాడు.

"ఒరేయ్ యల్లమందా, నా బొంత యాడరా?"

వెతుక్కుంటూ మా గదిలోకి వచ్చాడు. టేబుల్ కింద చూశాడు. "నా బొంత దానికి కప్పావేందిరా, దానికేమన్నా చలిజొరమా?" అని ఒక్క గుంజు గుంజి భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ తలుపు బార్లా తెరిచి పోయాడు.

"నాన్నా, మోతొచ్చిద్ది," అని మా ఆయన మొత్తుకున్నాడు.

"రానియ్యి," అన్నాను నేను. మళ్ళీ ఆన్ చేశాను. డబ్బా గుర్రుమంటోంది. బయట ఏదో ట్రాక్టరు పోతోంది. ఎట్టాగూ ఆగిపోయేదే కదా అని కడుపులో మంటంతా గొంతులోకి తెచ్చుకుని మొదలుపెట్టాను. వార్తలు చదివినట్టు చదవలేదు. చేను గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు పిలిచాను. రండయ్యా రైతు సోదరులారా, మీ జతలు కట్టుకుని రండయ్యా అన్నాను. పాలపళ్ళు దాటాయి. రెండు పళ్ళు దాటాయి. నాలుగు పళ్ళ దగ్గర కూడా గీతలు ఆగలేదు. ఆరు పళ్ళు, సీనియర్లు, బహుమతులు, భోజన వసతి, అన్నీ అయిపోయాయి. ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి.

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన వంగి డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది.

"దానికి ఊపిరాడలేదే," అన్నాడు మెల్లగా. "కాలేబు తీశాడు, నేను మళ్ళీ కప్పా."

మోటార్లు కాలిపోకుండా గాలి తగలనివ్వాలయ్యా అని ఊరందరికీ చెప్పే మనిషి. ఇంకో రోజైతే నేను ఆయన్ని వదిలేదాన్ని కాదు. అప్పుడు మాత్రం నవ్వు ఆగలేదు. ఆయన కూడా నేల మీద కూలబడి నవ్వాడు.

రికార్డు వినిపిస్తే కింద సన్నగా గుర్రుమంటూనే ఉంది. మళ్ళీ చేద్దామా అన్నాడు. ఆటో ఇంజన్ ముందు అదెంత అన్నాను. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పరుగున వెళ్ళి ఆటో అబ్బాయి చేతిలో పెట్టొచ్చాడు. వస్తూనే బుద్ధిగా గంటలు తీసుకెళ్ళి గిత్తల మెళ్ళో కట్టాడు.

అయిదింటికి ఆటో మా వీధి చివర నుంచి మొదలైంది. నేను గడపలో నిలబడ్డాను. ముందు డప్పులు, తరవాత నేను. ఇంత పెద్ద గొంతు నాదేనా అనిపించింది. ఇళ్ళలో ఆడవాళ్ళు బయటికొచ్చి నావైపు చూస్తున్నారు. గుర్రుమన్న మోత ఎక్కడా ఎవరికీ వినపడలేదు. సరిగ్గా "రండయ్యా" అన్న దగ్గర, వెనక కొట్టంలో గంటలు ఒక్కసారిగా గలగలమన్నాయి.

మామయ్య కొట్టంలో నుంచి వచ్చాడు. బొంత ఇంకా భుజం మీదే ఉంది. నా పక్కన నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా విన్నాడు.

"పండుకున్న గిత్తలు రెండూ లేచినయి అమ్మాయ్," అన్నాడు. "వీధి వైపు మెడలు సాచి చూస్తన్నయి. ఉలవలు తెస్తన్నావనుకున్నట్టున్నయి." బొంత భుజాన సర్దుకుంటూ అన్నాడు. "ఎంతమంది మగోళ్ళ గొంతులు పోయినయ్యో ఈ వీధిలో. ఒక్కడికీ లెయ్యలా అయ్యి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆటో పక్క వీధిలోకి పోయింది, నా గొంతు ఇళ్ళ మీదుగా వినపడుతూనే ఉంది. గిత్తలు ఇంకా చూస్తూ ఉంటాయని గుర్తొచ్చింది. పిలిచి పెట్టకపోతే బాగుండదని, కళ్ళు తుడుచుకుని ఉలవల బుట్ట తీసుకుని కొట్టంలోకి నడిచాను.