ఉప్పునీళ్ల గొర్రెలు

నాకు తెలిసినది ఎదుటివాడికి తెలియకపోవడమే నా జీవనోపాధి అయినప్పుడు, నన్ను నేను నిజాయితీపరుణ్ణని ఎలా అనుకోగలను?

ఆదివారం ఉదయం పశువుల సంతలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకుంటాను. జవాబు దొరికేలోగా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లాగుతారు. నేను దళారిని. అమ్మేవాడి చేతిని ఎడమ చేతిలోకి, కొనేవాడి చేతిని కుడి చేతిలోకి తీసుకుని, ధర కుదిరేదాకా విడవకుండా ఉండి, కుదిరాక రెండింటినీ కలిపి మూడుసార్లు ఊపడం నా పని. ఆ మూడు ఊపుల తరువాత మాట మార్చినవాడితో ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఎవరూ బేరం చేయరు.

మూడేళ్ల కిందట ఇలాగే మా ఊరి మోతుబరి కదిరాలి చేతిని మా తమ్ముడు కుబాత్ చేతిలో పెట్టాను. పన్నెండు గొర్రెలు. నాలుగేళ్లు ఇటుకలు మోసి కుబాత్ కూడబెట్టిందంతా వాటికే పోయింది. కదిరాలి వాటికి ముందురోజు ఉప్పు తినిపించి, తెల్లవారాక కడుపు పట్టినన్ని నీళ్లు తాగించి, బలిసినట్టు కనబడేలా చేసి సంతకు తోలాడు. పొట్టను రెండు అరచేతులతో కుదిపితే లోపల నీళ్లు కదలడం తెలిసేది. నేను వీపు తడిమాను, తోక కొవ్వు చేత్తో ఎత్తి చూశాను, పొట్ట కుదపలేదు. అది తొందరా, అహంకారమా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. వారంలో అయిదు చచ్చాయి. మిగిలినవి ఎముకలు తేలాయి. అడగడానికి వెళితే కదిరాలి గడప మీదనుంచే నవ్వాడు.

"కొనేటప్పుడు కళ్లు ఇంట్లో పెట్టి వచ్చార్రా, అన్నదమ్ములిద్దరూ?"

గొర్రెలు పోయినవాడికి చేతులు మిగులుతాయి. మా ఊళ్లో ఆ చేతులకు పని ఇవ్వగలవాడు ఒక్కడే. కుబాత్ వెళ్లి కదిరాలి మందకే కాపరిగా కుదిరాడు. వాడు ఏనాడూ నన్ను నిందించలేదు. నిందించి ఉంటే నా పగ ఇంతకాలం బతికేది కాదేమో.

ఈ ఆదివారం కదిరాలి పదహారు గొర్రెలు తెచ్చాడు. తాళ్లు కుబాత్ చేతిలో ఉన్నాయి. కొనడానికి వచ్చిన జోమార్త్ రాజధాని బిష్కెక్‌లో హోటలు నడుపుతాడు. మా సంతకు కొత్త.

"బైకే, నాకు వండిన మాంసం గురించి తెలుసు గానీ బతికున్న గొర్రె గురించి తెలీదు. మీ మాట మీదే కొంటా," అన్నాడు. బైకే అంటే మా భాషలో అన్న.

ఒక్క మాట చాలు. పొట్ట కుదిపి, పెదవి విరిచి, "ఉప్పు" అంటే చాలు. మధ్యాహ్నానికి సంతంతా పాకుతుంది. ఏడాదిపాటు కదిరాలి గొర్రెను ఎవరూ ముట్టరు. అది అబద్ధమే. కానీ అతనే నేర్పిన అబద్ధం.

కూర్చుని మొదటి గొర్రె పొట్టకు అరచేతులు ఆనించాను. గట్టిగా, వెచ్చగా ఉంది. కుదిపితే చప్పుడు లేదు. నోరు తెరవబోయాను.

"అన్నా," అంటూ కుబాత్ నా పక్కన వంగి గొంతు తగ్గించాడు. "వీపు మీద నీలం రంగు పూసిన రెండూ నావి. చలికాలం కూలి కింద తీసుకున్నా. ఇవి అమ్ముడైతే మళ్లీ సొంతంగా మొదలెడతా."

పెదవి విరవకుండానే పొట్ట మీదనుంచి చేతులు తీశాను. నేను వేయబోయే నింద నీలం రంగు చూసి పక్కకు తప్పుకోదు.

"గొర్రెతో గుసగుసలేంటి ఒముర్జాక్?" కదిరాలి విసుక్కున్నాడు. "ధర చెప్పు. నా మోకాళ్లు పట్టేస్తున్నాయి."

లేచి ఇద్దరి చేతులూ అందుకున్నాను. అప్పుడు తోచింది: గొర్రె కదిరాలిది, మేత కదిరాలిది. కానీ ఈ పొట్ట ఇంత గట్టిపడడానికి కావలసిన తెలివి అతనిది కాదు, నా తమ్ముడిది. దాన్ని అతను కొనలేదు. చవగ్గా అద్దెకు తెచ్చుకున్నాడు. ఆ సంగతి సంతలో ఎవరికీ తెలియదు.

"చెవి చిరిగిన ఆ గొర్రె ఏం తింటుంది, కదిరాలి బైకే?" అని పదిమందికీ వినబడేలా అడిగాను.

"గొర్రెలు తినేదే తింటుంది. ఇదేం పరీక్ష?"

"నువ్వు చెప్పు కుబాత్."

"అది బార్లీ ముట్టదు," అన్నాడు తమ్ముడు, తల వంచుకునే. "మొక్కజొన్న నానబెట్టి గోరువెచ్చగా పెట్టాలి. పక్కన ఇంకోటి ఉంటే తినదు. దానికి సిగ్గు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జోమార్త్ నవ్వలేదు. అతని చూపు గొర్రెలను వదిలి కుబాత్ మీద నిలిచింది.

"వీటన్నిటినీ మేపింది నువ్వేనా తమ్ముడూ? నెలకు ఇలాంటివి ఎన్ని తయారుచేస్తావ్?"

"పాకంటూ ఉంటే ఇరవై."

"నా పాక ఖాళీగానే ఉంది," అన్నాను.

"అయితే గొర్రెపిల్లల్ని నేను కొనిస్తా," అన్నాడు జోమార్త్. " పెరిగిన దాంట్లో చెరిసగం. ఈ నీలం రంగువి రెండూ ఇవాళే తీసుకుంటా. మిగతా పద్నాలుగు సంగతి తర్వాత."

కదిరాలి చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"వారంలో మంద వేసవి మేతకు కొండెక్కాలిరా. ఊళ్లో కాపరులంతా ఎప్పుడో కుదిరిపోయారు. నేనెవర్ని పంపను?"

"ఈసారి కళ్లు ఇంట్లో పెట్టి రాలేదు బైకే," అన్నాను. "కొండకు మీరే వెళ్లండి. మెల్లగా ఎక్కండి, మోకాళ్లు జాగ్రత్త."

"నా చెయ్యి వదిలావంటే ఈ సంతలో ఇంకెవడూ నీకు చెయ్యివ్వడు."

అది నిజమే కావచ్చు. అమ్మేవాడి పనివాణ్ణి అమ్మేవాడి ఎదుటే తప్పించిన దళారిని ఎవరు నమ్ముతారు? ఇది న్యాయమా, పగా అని నన్ను నేను అడిగాను. పగే. అయితే ఇందులో నేను చెప్పినదంతా నిజం. మూడేళ్లలో నాకు దొరికిన జవాబు ఇంతే.

కదిరాలి చెయ్యి వదిలేశాను. తాళ్లు ఒరుసుకుని కాయలు కాసిన కుబాత్ అరచేతిని అందుకుని, జోమార్త్ చేతిలో పెట్టి, మూడుసార్లు ఊపాను.